ఛీ గారి కారుకు కొత్త స్ప్రింగులు

కొన్న వస్తువు ఇంటి గడప దాటేలోగానే దానికంటె కొత్తది అంగడి అద్దాల వెనుక వెలుస్తూ, అరిగినదాన్ని బాగుచేయించుకోవడం పిసినారితనమనీ పారవేయడమే నాగరికత అనీ లోకం ఏకగ్రీవంగా తీర్మానించుకున్న ఈ కాలంలో, గోడ రంగు మొదలుకొని మనిషి నవ్వు వరకు అన్నీ పైపూతలై, ఆ పూతలు సైతం ఒక్క వానాకాలానికే పొక్కులు లేచి ఊడిపోతున్న రోజుల్లో, కుళాయిలకూ తలుపు పిడులకూ నికెల్ పూత పూసి బ్రతికే ఒక మనిషి, తుక్కు దుకాణం నుంచి తెచ్చుకొని తన చేతులతో నిలబెట్టుకున్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును గుడ్డ కప్పి దాచుకోక ప్రతిదినమూ పనికి నడుపుకుంటూ, పక్క సీటులో తన భార్య కూర్చున్నంత కాలమే అది కారనీ, ఆమె దిగిపోయిన నాడు మళ్ళీ తుక్కేననీ నమ్మి జీవిస్తున్నాడు.

వీధిలో ఆయనను అసలు పేరుతో పిలిచేవారు లేరు. అందరికీ ఆయన ఛీ గారు. ఆ ఏకాక్షరం ఆయన నోట పుట్టి, ఆయన నెత్తినే బిరుదై కూర్చుంది. వేలు నాలుకకు తడిపి కాగితం తిప్పేవాణ్ణి చూస్తే ఛీ. టీ గ్లాసు అంచున ఎవరిదో పెదవి గుర్తు ఉంటే ఛీ. ప్లాస్టిక్‌కు వెండిరంగు కొట్టి ఉక్కు అని అమ్మితే, దానికి ఒక్క ఛీ చాలక, తల పక్కకు తిప్పుకొని రెండోది. రసాలలో బీభత్సానికి జుగుప్స స్థాయీభావమని శాస్త్రం చెబుతుంది. తక్కిన రసాలన్నీ ఆయన జీవితానికి అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టాలు. ఇది మాత్రం ఇంటిమనిషి.

విచిత్రమేమంటే, ఆయన పని జరిగే చోటు చూస్తే ఛీ అనడం తక్కినవారి వంతవుతుంది. రేకుల షెడ్డు. వరుసగా తొట్లు. మొదటి దానిలో జిడ్డు వదిలించే వేడి సోడా నీళ్ళు, పైన బూడిదరంగు మీగడ. రెండోది ఆసిడ్, దాని ఆవిరికి కిటికీ కమ్మీలు ఏనాడో తినివేయబడి సన్నబడ్డాయి. చివరిది చిక్కటి ఆకుపచ్చని నికెల్ ద్రావణం. మూల సానచక్రం నుంచి ఎగిరే నల్లని ముద్ద గోడకు, పంకాకు, ఆయన కనురెప్పలకు అంటుకుంటుంది. అంత మాలిన్యంలో చేతులు పెట్టి, ఇత్తడి కుళాయిని అద్దంలా చేసి, వెలుతురుకు ఎత్తి చూసుకున్నప్పుడు మాత్రం ఆయన నోటి వెంట ఏ మాటా రాదు. ఆయనకు తెలిసిన ప్రశంస ఆ మౌనమే.

భార్య పరదాలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. మిషను ముందు వంగి వంగి ఆమె నడుము అరిగిపోయింది. ఉదయం ఆమెను దుకాణం దగ్గర దించడం, సాయంకాలం ఎక్కించుకుని నదిగట్టు వెంట చుట్టు తిరిగి ఇంటికి రావడం ఆయనకు నిత్యకృత్యం. ఆమె వెంట ఒక దిండు వస్తుంది. ఏ పరదా ముక్కలతోనో కుట్టినది, తలనూనె మరకలు పటాలు గీసినది, అంచుల్లో దూది బయటికి తొంగిచూసేది. ఆ దిండును చూసినప్పుడల్లా ఛీ గారి పెదవులు బిగుసుకునేవి. భార్య వస్తువుల విషయంలో ఆయన బిరుదుకు సెలవు.

ఒక ఉదయం కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది. షాకబ్జార్బర్లలో నూనె ఎప్పుడో కారిపోయింది కనుక దిగడం కాదు, పడింది. కింద ఇనుము నేలను గీకిన చప్పుడు.

"ఆపండి," అంది ఆమె.

"ఇక్కడా?"

"ఇక్కడే. బస్టాపు కనిపిస్తోంది."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. నా నడుము మీ కారుకి షాకబ్జార్బరు కాదు, అంతే."

"నెమ్మదిగానే పోనిచ్చాను కదా."

"మీరు నెమ్మదిగానే పోనిచ్చారు. నేల నెమ్మదిగా రాలేదు." ఆమె తలుపు పట్టుకొని, దిండును చంకలో పెట్టుకొని, మెల్లగా నిలబడింది. "బాగు చేయించండి, కాదనను. కానీ ఒక్కసారే. మళ్ళీ నా నడుముకి తగిలిందంటే కారు తమ్ముడికి ఇచ్చేద్దాం. వాడు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాడు."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆయన ఖాళీ సీటు వైపు చూశాడు. బావమరిదికి ఇవ్వడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆ కారును నేలకు అతుక్కునేటట్టు దించి, కింద ఊదారంగు దీపాలు తగిలించి, వెనుక గొట్టానికి గర్జన పెట్టి, వీధులవెంట తిప్పుతాడు. ఆ దృశ్యం ఊహించుకొని, ఖాళీ సీటు వినేటట్టు రెండుసార్లు ఛీ అన్నాడు.

అయినా విడిభాగాలు దొరికే చోటు అదే కావడంతో, బావమరిది దుకాణానికే వెళ్ళక తప్పలేదు. కార్ల అలంకార సామగ్రి అమ్మే దుకాణం అది. గుమ్మంలో అడుగుపెట్టగానే, కార్లలో వేలాడదీసే అత్తరు అట్టముక్కల వాసన గొంతు పట్టుకుంటుంది. పండు వాసన, పువ్వు వాసన, కొత్తతోలు వాసన, అన్నీ కలిసి ఏదీ కాని ఒక తియ్యటి కుళ్ళు.

"రా బావా. ముక్కు మూసుకోనక్కర్లేదు, పొద్దున్నే కడిగించాను."

"దేంతో కడిగించావు?"

"నీకు కావలసింది చెప్పు ముందు." బావమరిది బల్ల మీద ఒక డబ్బా తెరిచాడు. అందులో కాయిలోవర్లు. షాకబ్జార్బరు చుట్టూనే స్ప్రింగు చుట్టుకొని, ఒంటి మీద మరలు కోసి, ఆ మరల మీద కాలరనే ఇనుప కట్టును తిప్పి కారు ఎత్తును పెంచుకునే తగ్గించుకునే ఏర్పాటు. ఇవి ఊదా, బంగారు రంగుల్లో నిగనిగలాడుతున్నాయి. "ఇవి వేశామంటే నీ కారు నేలని ముద్దు పెట్టుకుంటుంది."

"ముద్దెందుకు? ఆ నేల మీద జనం ఉమ్ముతారు."

"నీతో ఇదే బాధ."

ఛీ గారు ఒకదాన్ని ఎత్తి, మరల మీద గోరు ఆనించి లాగాడు. గోటికి సన్నని పొడి అంటింది. దాన్ని బావమరిది కళ్ళ ముందు పెట్టాడు. "ఇది పూతా? ఉల్లిపొర ఇంతకన్నా మందం. ఒక వానకి తెల్లగా పొడి కడుతుంది, రెండో వానకి ఎర్రబడుతుంది. మరల్లో బురద కూరుకుంటే ఈ కాలరుని తిప్పడం నీ తరం కాదు, నీ కొడుకు తరం కాదు."

"పోటీలకి వాడే సరుకు బావా ఇది."

"పోటీ అయిపోగానే విప్పి తుడుచుకునేవాళ్ళకి సరే. నేను రోజూ వానలో పోతాను."

"బావా, ఇన్నిటికి వంకలు పెట్టేవాడివి, నీకు మా అక్క ఎలా నచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

"మీ అక్కకి పూత లేదు," అన్నాడు ఛీ గారు, గోరు తుడుచుకుంటూ.

దుకాణం వెనుక వాకిట్లో, ఎవరో ఖాతాదారు విప్పించి పడేసిన అలాంటి సెట్టే ఒకటి ఉంది. బావమరిది వద్దంటున్నా ఆయన వెళ్ళి చూశాడు. ఊదా రంగు అట్టలు కట్టి లేచిపోయి, కింద ఎర్రని పుండులా తుప్పు. సీలు తెగి కారిన నూనెకు రోడ్డు దుమ్ము కలిసి, తారులాంటి ముద్దయి, దానిలో ఎవరివో వెంట్రుకలు, ఒక పురుగు రెక్క, అతుక్కుపోయిన ప్లాస్టిక్ సంచి పీలిక. కాలరును ఉలితో కొట్టి తిప్పాలని చూసిన గాట్లు. మెరుపుకు ఉత్తరకథ ఇదే అని ఒక్క చూపులో తెలిసిపోయే శవం అది. దాన్ని తాకిన వేళ్ళను ఆయన ఆ రోజంతా ఒంటికి దూరంగా పట్టుకొని తిరిగాడు.

సస్పెన్షన్ పని తప్ప మరో పని ముట్టని మెకానిక్ ఒకడున్నాడు. ఊరంతా అతన్ని కీళ్ళ డాక్టరు అంటుంది. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడని కూడా అంటుంది. లిఫ్టు మీద కారును ఎత్తి, కింద నడుస్తూ, అతడు ఆపకుండా మాట్లాడుతాడు.

"నా చేతిలో పడిన కారు మళ్ళీ ఇంకో చేతికి వెళ్ళలేదు సార్. అది రాసి పెట్టుకోండి. సరే, మీరు ఎక్కడ తిప్పుతారు? రోడ్డు మీదేనా, పందేలకి పోతారా?"

"షెడ్డుకి, పరదాల దుకాణానికి, నదిగట్టుకి."

"అంటే గుంటలు, వాన, బురద. మంచిది. ముందు దించడం మాట మర్చిపోండి. దించితే చక్రానికి పైకి లేవడానికి చోటుండదు. చోటు లేని చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ ఎవరికి?" అతడు సీటు అడుగును వేలితో తట్టాడు. "ఇక్కడ కూర్చున్నవాళ్ళకి. మేడమ్ బరువెంత సార్?"

"అడిగే ధైర్యం నాకు లేదు."

"అయితే మెత్తటి స్ప్రింగు వేద్దాం. భయపడే మొగుళ్ళకి అదే క్షేమం."

ఛీ గారికి అతని గొప్పలు రోత పుట్టించాయి. అతని చొక్కా చంకల్లోని గ్రీజు మరకలు అంతకంటె రోత పుట్టించాయి. కాని మాటలన్నీ విన్నాడు. షాకబ్జార్బరు ఒళ్ళు స్టెయిన్‌లెస్ ఉక్కుదై ఉండాలి. అప్పుడు మరలకు పూత మీద ఆధారపడే అవసరం ఉండదు. దుమ్ము లోపలికి పోకుండా రబ్బరు తొడుగు కావాలి. సీలు పోతే మొత్తం పారేయకుండా, విప్పి, సీలూ నూనే మార్చి మళ్ళీ బిగించుకునే వీలుండాలి. ఆ సీళ్ళు పదేళ్ళ తరువాతైనా దొరకాలి. ఎత్తు మార్చినప్పుడు స్ప్రింగును నొక్కి మార్చేది కాకుండా, కింది భాగం పొడవే మారేదైతే చక్రం కదలికకు లోటు రాదు. పైన కారుకు తగిలించే చోట పోటీ కార్లలో లాగా ఇనుప గుండు కాక, రబ్బరే ఉండాలి. లేకపోతే నెల తిరిగేసరికి గిలక్కాయ చప్పుడు. ఇవన్నీ ఉన్న సెట్టు ఒకటి ఉంది. బూడిదరంగు. ముద్దగా, నీరసంగా, ఎవరూ ఫొటో తీయనట్టుగా ఉంటుంది.

ఫోనులో దాని బొమ్మ చూసి ఛీ గారు చాలాసేపు ఏమీ అనలేదు. అది చూసి కీళ్ళ డాక్టరు తన సలహా నచ్చలేదేమోనని గాభరాపడ్డాడు. నచ్చిందని అతనికి తెలియదు.

సెట్టు బావమరిది దుకాణం ద్వారానే వచ్చింది. ఛీ గారు డబ్బాను ఇంటి వరండాలో తెరిచాడు. షాకబ్జార్బర్లలో వంక పెట్టడానికి ఆయనకే ఏమీ దొరకలేదు. స్ప్రింగుల దగ్గర మాత్రం చేయి ఆగింది. వాటికి నల్లని పౌడర్ కోటింగ్. ఒకదాని చివరి చుట్టు మీద, దారిలో దేనికో తగిలి, కోటింగ్ లేచిపోయింది. గీత కింద ఉక్కు కనిపిస్తోంది.

"ఛీ," అన్నాడు.

లోపలినుంచి భార్య, "ఏం చచ్చింది?" అంది.

"రంగు."

"రంగేగా. దాని మీద కాస్త రంగు పూసి బిగించండి."

"రంగు మీద రంగా? కురుపు మీద పౌడరు రాసినట్టు. ఆ గీతలోంచి నీరు దూరుతుంది. పైకి నల్లగానే కనిపిస్తూ లోపల తుప్పు పాకుతుంది. నువ్వు కూర్చునే వైపు స్ప్రింగు అది."

మరుసటి ఉదయం స్ప్రింగులన్నీ షెడ్డుకు వెళ్ళాయి. పూత పనివాడికి తప్ప ఇంకెవరికీ తోచని పొరపాటు అక్కడ జరిగింది. కోటింగ్ ఊడగొట్టాడు. సోడా తొట్టిలో జిడ్డు వదిలించాడు. ఉక్కు తెల్లబడేదాకా ఆసిడ్‌లో ఉంచాడు. తనివి తీరక ఇంకాసేపు ఉంచాడు. తరువాత ఆకుపచ్చని తొట్టిలో వేలాడదీసి, కరెంటు పెట్టి, తన జీవితంలో ఏ కుళాయికీ పూయనంత మందంగా నికెల్ పూశాడు. బయటికి తీసినప్పుడు అవి స్ప్రింగుల్లా లేవు. ఎవరో మహారాణి చేతి కడియాలు వరుసగా పేర్చినట్టున్నాయి.

"వీటిలో మొహం చూసుకోవాలా?" అని నవ్వింది భార్య.

కీళ్ళ డాక్టరు కూడా వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చూస్తారు సార్ ఈ మెరుపు? చక్రం వెనకాల అంతా చీకటి."

"అది అక్కడ ఉందని నాకు తెలుసు. చాలు."

బిగించారు. మొదటి సాయంకాలం ఆమె దిండు తెచ్చుకుని, సీటులో మెల్లగా, ముల్లు మీద కూర్చునేవారిలా కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి తెరిచింది.

"ఎక్కడుంది ఆ దిబ్బ?"

"దాటేశాం."

"అబద్ధం."

"వెనక్కి తిరిగి చూసుకో."

ఆమె తిరగలేదు. తిరిగితే నడుము నొప్పి పుడుతుందేమోనని కాదు, అవసరం లేక. నదిగట్టు వెంట వెళుతూ ఆమె పరదా గుడ్డల ధర గురించీ, దుకాణంలో దారం కత్తిరించకుండా పళ్ళతో కొరికే అమ్మాయి గురించీ చెప్పింది. పళ్ళతో కొరికిందని విన్న చోట ఆయన ఛీ అన్నాడు. అలా కొన్ని దినాలు సుఖంగా గడిచాయి.

ఒక ఉదయం దుకాణం ముందు కారు ఆగి ఉంది. ఆమె లోపలే కూర్చుని ఉంది. ఆయన వెనుక నుంచి పరదాల మూట దించి లోపల పెట్టడానికి వెళ్ళాడు. ఇంజను చప్పుడు లేదు. కదలిక లేదు. రోడ్డు మీద గాలి కూడా లేదు. అప్పుడు కారు కింద, కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. ఆమె కూర్చున్న మూల ఒక్కసారిగా కుంగింది.

పెద్ద దెబ్బ కాదు. కాని సిద్ధంగా లేని శరీరానికి చిన్న కుదుపే చాలు. ఆయన పరుగున వచ్చేసరికి ఆమె తలుపు పట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. మొహం మీద చెమట. ఆయన చేయి చాపాడు. ఆమె పట్టుకోలేదు. సీటులోంచి దిండు తీసుకుని, బస్టాపు వైపు చాలా నెమ్మదిగా నడిచింది.

కారును కీళ్ళ డాక్టరు దగ్గరికి లాగించారు. కబురు తెలిసి బావమరిది వచ్చాడు. చక్రం విప్పి స్ప్రింగును బయటికి తీశారు: రెండు ముక్కలు.

"నేను బిగించినదాంట్లో తేడా లేదు," అన్నాడు కీళ్ళ డాక్టరు, ఎవరూ అడగకముందే. "కాలరు చూడండి, మరలు చూడండి."

"నిన్నెవరన్నారయ్యా. ఇది కంపెనీ దగా," అన్నాడు బావమరిది. "నిలబడ్డ కారులో స్ప్రింగు విరగడమేమిటి? పచ్చి మోసం. బావా, నువ్వు ఛీ అను, నేను ఫోన్ చేస్తాను. సెట్టు మొత్తం మార్చి ఇస్తారు."

ఛీ గారు అనలేదు. విరిగిన ముక్కను వెలుతురుకు ఎత్తి, ఆ ముఖాన్ని చూస్తున్నాడు. తుప్పు లేదు. పాత పగులు లేదు. వంగిన జాడ లేదు. పంచదార పలుకుల్లా గరుకుగా, శుభ్రంగా, తెల్లగా ఉంది విరుగు. ఉక్కు అలా విరగదు. పటికబెల్లం అలా విరుగుతుంది.

ఎప్పుడో పని నేర్చుకునే రోజుల్లో, ఒకాయన తూకం యంత్రం స్ప్రింగులు పూతకు తెస్తే గురువు చేయి అడ్డం పెట్టి తిప్పి పంపేశాడు. ఇత్తడి మనది, వంగి లేచే ఉక్కు మనది కాదు అన్నాడు. ఆసిడ్‌లోనూ కరెంటు తొట్టిలోనూ దానిలోకి హైడ్రోజన్ దూరుతుందనీ, వెంటనే పొయ్యిలో పెట్టి గంటల తరబడి కాలిస్తే తప్ప అది బయటికి పోదనీ, లోపలే ఉంటే బరువు మోస్తూ మోస్తూ ఒకనాడు ఉన్నపళంగా విరుగుతుందనీ అన్నాడు. జీవితమంతా కుళాయిల మధ్య గడిపినవాడికి ఆ మాట అవసరం పడలేదు. అవసరం పడిన రోజున గుర్తు రాలేదు. ఒక గీతను చూసి పుట్టిన రోత ఆ జ్ఞాపకాన్ని కూడా కప్పేసింది.

"తప్పు కంపెనీది కాదు," అన్నాడు. "నాది. ఆసిడ్‌లో ముంచాను. కాల్చలేదు."

బావమరిది వాకిలి వైపు చూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "సరే. ఆ సంగతి మన ముగ్గురికే కదా తెలుసు. నికెల్ గీకేసి నల్ల రంగు కొట్టి పంపుదాం. ఇంకొకడు చేస్తే దొరికిపోతాడు గానీ, నువ్వు పూస్తే ఎవడూ కనిపెట్టలేడు. నీ చేయి అలాంటిది."

అతడు మెచ్చుకోలుగానే అన్నాడు. ఇన్నేళ్ళలో బావమరిది నోట ఆయన పనికి దక్కిన మొదటి మెప్పు అదే. దాన్ని వింటూంటే ఛీ గారికి ఆ వెనుక వాకిట్లోని శవం కళ్ళ ముందు కదిలింది: పైన ఊదా, లోపల పుండు. ఆ శవానికి ఇప్పుడు తన చేతులు మొలిచినట్టు అనిపించింది. బయటికి వెళ్ళి, గోడవారగా వంగి, ఉదయం తాగిన టీ కక్కుకున్నాడు.

తిరిగి వచ్చి మూతి తుడుచుకుంటూ, "విడి స్ప్రింగులు తెప్పించు. నల్లవి. నేను కొనుక్కుంటాను," అన్నాడు.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది బావా?"

"నాకు తెలుసు. చాలదూ?"

ఇంటికి వెళ్ళేసరికి ఆమె చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, కప్పు వైపు చూస్తోంది. ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"తమ్ముడు ఫోన్ చేశాడు," అంది. "కంపెనీ మోసమట కదా."

"వాడు అబద్ధం చెప్పాడు."

"తెలుసు. నిజం చెప్పేటప్పుడు వాడు అంత వేగంగా మాట్లాడడు. అసలేమైంది?"

ఆయన చెప్పాడు. గీత, ఆసిడ్, పొయ్యి, గురువు మాట, గోడవార వాంతి, అన్నీ. దాచడం అలవాటు లేని మనిషి కనుక వరుస కూడా తప్పలేదు. అంతా విన్నాక ఆమె తల కొంచెం తిప్పింది.

"లోకాన్నంతా ఛీ అంటారు కదా. ఇవాళ ఎవర్నన్నారు?"

ఆయన వేలు తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

ఆమె నవ్వబోయి, నడుము పట్టుకుని ఆపుకుంది. "నవ్వించకండి, చస్తాను." ఊపిరి కుదుటపడ్డాక అంది, "మాట ప్రకారం కారు తమ్ముడిది."

"నీ ఇష్టం. నీ నడుము, నీ మాట."

"రేపటి నుంచి వాడు మన వీధిలో ఊదా దీపాలతో తిరుగుతాడు. మీరు కిటికీలోంచి చూస్తూ రోజూ కక్కుతారు. బకెట్లు మొయ్యలేను నేను." మోకాళ్ళ కింద దిండు సర్దుకుంది. "కొత్త స్ప్రింగులు ఎలా వస్తే అలా వెయ్యాలి. గీత ఉన్నా, కురుపున్నా. మీరు వాటిని తుడవడానికి కూడా వీల్లేదు. బిగించాక ముందు నేనెక్కను. దుకాణం పరదాల మూటలు నా సీటులో ఎక్కించుకుని ఊరంతా తిప్పండి. అవి బతికి బయటపడితే అప్పుడు చూద్దాం."

"సరే."

"ఈ దిండు వైపు అలా చూడ్డం కూడా మానాలి."

ఆయన నిజంగా కష్టపడి, దిండు మీది నుంచి చూపు మరల్చుకున్నాడు. "సరే," అన్నాడు.

నల్ల స్ప్రింగులు వచ్చాయి. ఒకదానికి మళ్ళీ గీత. దారిలో డబ్బాలు విసిరేవారికి ఆయన గొడవ ఏం తెలుసు? దాని మీద కాస్త రంగు రాసుకోవడానికి భార్య అనుమతి ఇచ్చింది. కీళ్ళ డాక్టరే రాశాడు, అదీ అంచులు దాటించి రాశాడు. ఛీ గారు వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత ఎన్నో దినాలు పక్క సీటులో పరదాల మూట బెల్టు పెట్టుకుని ఊరేగింది. బస్టాపులో నిలబడ్డ భార్య ముందు నుంచే అది దర్జాగా వెళ్ళేది. "నాకన్నా దానికే బాగా కుదిరింది," అని ఆమె పక్కవాళ్ళతో అనేది.

ఒక సాయంకాలం వాన వెలిసి రోడ్లన్నీ బురదగా ఉన్నప్పుడు, ఆమె దుకాణంలోంచి వచ్చి, మూటను సీటు వెనుకనున్న చోటులోకి తోసి, తన దిండు వేసుకుని కూర్చుంది. ఆయన వంగి ఆమె వైపు చక్రం వెనుకకు తొంగి చూశాడు. నల్లని స్ప్రింగు మీద బురద, బురదలో ఒక ఎండుటాకు, ఎవరో నమిలి ఊసిన చూయింగ్ గమ్. ఆయన గొంతులో ఆ అక్షరం సిద్ధమైంది. జేబులో గుడ్డ కూడా ఉంది.

"ఏం చూస్తున్నారు?" అంది లోపలినుంచి.

"ఏం లేదు. ఛీగా ఉంది."

"ఉండనివ్వండి. ఎక్కండి."

ఆయన ఎక్కాడు. నదిగట్టు వెంట గుంటలన్నీ నీటితో నిండి ఉన్నాయి. ఆమె దారం కొరికే అమ్మాయి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఏ గుంటా ఆ కథను మధ్యలో ఆపలేదు.

ఆ కారు సీళ్ళలో నూనె చెమర్చకుండు గాక. ఆ కాలర్లు మరల మీద ఎప్పటికీ చేతికి తిరుగుతూ ఉండు గాక. ఆ ఇల్లాలి వెన్నెముకకు లోకంలోని ఎత్తుపల్లాలు వార్తగానే తెలియు గాక, దెబ్బగా తెలియకుండు గాక. ఆమె దిండు దూది తరగకుండు గాక. ఆమె తమ్ముని నాలుకకు నిదానం, దుకాణానికి స్వచ్ఛమైన గాలి ప్రాప్తించు గాక. ఆ షెడ్డు తొట్లలో ఇత్తడి ఎల్లవేళలా అద్దమై లేచు గాక. ఛీ అనదగినవి ఈ లోకంలో ఎలాగూ కొరవడవు కనుక, అవన్నీ చూడటానికి ఆ గృహస్థునికి నిండు ఆయుష్షు కలుగు గాక. వాటిలో ఆయన చేసిన పని మాత్రం ఇక ఒక్కటీ లేకుండు గాక.